అబిడ్స్ నుంచి షిల్లాంగ్ ఎంత దూరం?

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి విమానంలో ఎంతసేపు పడుతుందని ఇప్పుడు నన్నెవరూ అడగడం లేదు. ఫోన్‌ని అడుగుతున్నారు. అది రెండు గంటల పైచిలుకు అని ఠక్కున చెప్పేస్తుంది. అబద్ధం కాదు. కాకపోతే అది విమానం గాల్లో ఉండే సమయం. మనిషి ఇంట్లో చెప్పులు వేసుకున్నప్పటి నుంచి అవతలి ఊళ్లో చెప్పులు విప్పేదాకా ఎంత పడుతుందో ఫోన్‌కి తెలియదు. అది చెప్పడమే నా ఉద్యోగం. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కి పోయే దారిలో ఒక ట్రావెల్ ఆఫీసు ఉంది. పెళ్లి కాకముందు అందులో కౌంటర్ వెనక కూర్చున్నదాన్ని, మోకాళ్లు మొరాయించాకే లేచాను.

నా పేరు సరోజ. సుల్తాన్ బజార్‌లో పుట్టి పెరిగాను. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇద్దరు ఆడపిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడమ్, అన్నీ ఫోన్లనే దొరుకుతుంటే ఇగ మన దగ్గరికి ఎవరొస్తరు?" అని దిగులు పడుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. ఎప్పుడు సీనియర్‌నయ్యాను, ఎన్ని షీల్డులు వచ్చాయి అన్న సోది ఇందులో ఉండదు. అవి మా ఆయనే వినడు, మీరేం వింటారు?

పెళ్లికి పోయేది ఎవరు?

మా ఆఫీసు యజమాని రామ్‌కిషన్ సాబ్. పాత హైదరాబాదీ. నోట్లో పాన్, మాటలో సగం ఉర్దూ. నేను చేరిన కొత్తలో ఒకాయన వచ్చి, పెళ్లికి బొంబాయి పోవాలి, ఎంతసేపు పడుతుందని అడిగాడు. నేను టైమ్ టేబుల్ పుస్తకం చూసి గంటా పావు అన్నాను, పరీక్షలో జవాబు చెప్పినంత గర్వంగా. ఆయన సంతోషంగా టికెట్ తీసుకుని మెట్లు దిగాడు. సాబ్ నన్ను పిలిచారు.

"సరోజా, ఆయన ఇల్లు ఏడ?"

"తెల్వది సాబ్."

"బొంబాయిల ఏ మూలకు పోతుండు?"

"అడగలే సాబ్."

"మరి గంటా పావు అని ఎట్ల చెప్పినవ్? పెండ్లికి విమానం పోతుందా, ఆయన పోతుండా?"

నేను రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆయన అప్పటికే ఇరానీ హోటల్లో చాయ్ ముందు కూర్చున్నాడు. అడిగితే తేలిందేమంటే, ఆయన పోవాల్సింది బొంబాయి కాదు, దాని అవతల ఇంకో రెండు గంటల దూరంలో ఉన్న కళ్యాణ్. ముహూర్తం మధ్యాహ్నం. నేనిచ్చిన విమానంలో పోతే ఆయనకు అప్పగింతలు మాత్రమే దొరికేవి. టికెట్ అంతకు ముందు విమానానికి మార్చాను. ఆయన నాకూ ఒక చాయ్ చెప్పాడు.

ఆ రోజు నుంచి ఎవరు ఎంతసేపని అడిగినా, ఇల్లెక్కడ, పోయేదెక్కడికి, ఎన్ని సామాన్లు, వెంట ముసలివాళ్లున్నారా అని నేను ఎదురు ప్రశ్నలు వేసేదాన్ని. కొందరు విసుక్కునేవాళ్లు. పెళ్లి సంబంధానికి వచ్చినట్టు ఆరా తీస్తున్నావేమని ఒకాయన ముఖం మీదే అన్నాడు. అననీ. మళ్లీ మా దగ్గరికే వచ్చాడు.

సాబ్ మంచి గురువే కానీ మంచి యజమాని అని మాత్రం నేను చెప్పను. సెలవడిగితే ముఖం గంటు పెట్టుకునేవారు. ఎండాకాలంలో తన నెత్తిమీద ఫ్యాను తిరిగితే చాలు, మా ఫ్యాను తిరుగుతుందో లేదో చూసేవారు కాదు. ఇవి కూడా రాయకపోతే అబద్ధం రాసినట్టవుతుంది. పిల్లలూ, బాస్ దగ్గర పని నేర్చుకోండి, గుణాలు నేర్చుకోనక్కర్లేదు.

దుబాయ్ నుంచి రావడానికి అంతసేపెందుకు?

నాంపల్లి లాడ్జీల నిండా ఒకప్పుడు గల్ఫ్ పోయేవాళ్లే ఉండేవాళ్లు. ఒకసారి జగిత్యాల వైపు నుంచి ఒకామె తమ్ముణ్ణి వెంటబెట్టుకుని మా ఆఫీసుకి వచ్చింది. మొగుడు దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చి ఇంట్లో ఉన్నాడు. ఆమెకు ఒక అనుమానం పట్టుకుంది.

"మేడమ్, పోయేటప్పుడు రెండున్నర గంటలకే చేరిన్నన్నడు. వచ్చేటప్పుడు ఐదున్నర గంటలు పట్టిందంటుండు. అదే విమానం, అదే తొవ్వ. నడుమ ఏడనో దిగిండు. ఏడ దిగిండో జర కనుక్కోన్రి."

నాకు నవ్వు ఆగలేదు. సాబ్ మాత్రం నవ్వలేదు. గోడ గడియారం దింపి ఆమె ముందు పెట్టారు. అక్కడ మనకన్నా పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది కాబట్టి వాళ్ల గడియారం మనకన్నా గంటన్నర వెనక ఉంటుందని, పోయినా వచ్చినా పట్టేది నాలుగు గంటలేనని ముల్లు తిప్పి చూపించారు. ఆమె రెండుసార్లు తిప్పించుకుని చూసింది. తర్వాత తమ్ముడి వైపు తిరిగి, "బావను నిన్నటి సంది ఊకెనే తిడుతున్నరా" అంది. వెళ్లేటప్పుడు ఆమె ముఖం ఎంత తేటగా ఉందో నాకింకా గుర్తుంది. ఆమె లెక్కలు కట్టింది గంటల కోసం కాదు, మనిషి కోసం. నవ్వినందుకు సాబ్ ఆ సాయంత్రం నాకు చీవాట్లు బాగానే పెట్టారు.

ఇంకొకటి. విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్‌కి మారినప్పుడు మాకు తల ప్రాణం తోకకొచ్చింది. బేగంపేట రోజుల్లో కాచిగూడ వాళ్లు తీరిగ్గా భోంచేసి, తాంబూలం వేసుకుని బయలుదేరేవాళ్లు. మారాక కూడా అదే అలవాటు. ఢిల్లీ ఉన్నచోటే ఉంది, టికెట్ మీద గంటలూ అవే, కానీ ఇంటి నుంచి లెక్కేస్తే ప్రయాణం పెరిగింది. ఈ ముక్క ఎక్కించడానికి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఇంట్లో పెద్దవాళ్లని పిలిపించి మరీ చెప్పాల్సి వచ్చింది.

తలుపు పక్క అర

మా ఆఫీసు తలుపు పక్క గోడలో ఒక రాతి అర ఉంది. కొత్త పిల్లలకి అదెందుకో తెలియదు, అందులో ఛార్జర్లు పెట్టుకుంటున్నారట. అది ప్రస్థానం అర.

మనవాళ్లలో దూరప్రయాణానికి తిథీ వారం చూసుకునే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అనుకున్న రోజు మంచిది కాకపోతే, అంతకు ముందే ఒక మంచి ఘడియలో తమ వస్తువేదైనా సంచిలో పెట్టి వేరే ఇంట్లో ఉంచుతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. అసలు రోజున దారిలో ఆగి ఆ సంచి తీసుకుని పోతారు. తిరిగి ఇంటికి తేకూడదు. దీన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. ఒకప్పుడు పక్కింట్లో పెట్టేవాళ్లు. పక్కింటివాళ్లూ ఉద్యోగాలకి పోయి తాళాలు వేసుకోవడం మొదలయ్యాక, ఎలాగూ టికెట్ మా దగ్గరే కదా అని మా ఆఫీసులో పెట్టడం మొదలుపెట్టారు. సాధారణంగా ఒక తువ్వాల, గుప్పెడు బియ్యం, పసుపు కుంకుమ, ఒక కొబ్బరికాయ ఉండేవి.

నాకు వీటి మీద పెద్ద నమ్మకం లేదు. కానీ దీనివల్ల మాకొక లాభం ఉండేది. విమానాన్ని ఆపలేం, రాహుకాలాన్ని జరపలేం. రెండింటికీ మధ్య ఆ అర ఉండబట్టి ఎన్నో ప్రయాణాలు ఆగకుండా సాగాయి. కస్టమర్ నమ్మకాన్ని వెక్కిరించి మనం బాగుపడేదేం లేదు.

మల్లయ్య కూతురు

నేను రిటైర్ కావడానికి కొద్ది ముందు జరిగిందిది. మల్లయ్యది నాగర్‌కర్నూల్ వైపు పల్లె. ఉస్మాన్‌గంజ్‌లో హమాలీగా చేరి, తర్వాత అక్కడే పాత గోనెసంచుల వ్యాపారం పెట్టుకున్నాడు. భార్య లక్ష్మమ్మ, కూతురు మంజుల. కాచిగూడలో కిరాయి ఇల్లు. ఉస్మాన్‌గంజ్ సేట్ల టికెట్లు తీసుకుపోవడానికి వస్తూ ఉండేవాడు కాబట్టి నాకు చాలా ఏళ్ల పరిచయం.

ఒక శనివారం కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్లకు షిల్లాంగ్‌లో మొక్కల శాస్త్రంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. వెయిటింగ్ లిస్టులో ఉంటే ఎవరో మానుకోవడం వల్ల ఆ పొద్దునే కబురొచ్చింది. సోమవారం సాయంత్రం అక్కడి కాలేజీ ఆఫీసు మూసేలోగా అసలు సర్టిఫికెట్లతో స్వయంగా హాజరు కావాలి. కాకపోతే సీటు తర్వాతి వాళ్లకి పోతుంది. ఆదివారం విమానాల్లో ఖాళీ లేదు. సోమవారం పొద్దున్నే గౌహతికి నేరుగా పోయే విమానంలో ఉంది.

"రెండున్నర గంటలే కదా ఆంటీ, పొద్దుగాలనే చేరిపోత" అంది మంజుల, ఫోన్ చూస్తూ.

"గాలిలో పదిహేడు వందల కిలోమీటర్లు రెండున్నర గంటల్లోనే పోతవ్ బిడ్డా. గౌహతి నుంచి షిల్లాంగ్ వంద కిలోమీటర్లే, కానీ ఘాట్ రోడ్డు. వానాకాలం. దానికి మూడు నాలుగు గంటలు ఉంచుకో. ఇంటి నుంచి ఎయిర్‌పోర్టుకు ఎంత అనుకున్నవ్?" అన్నాను. లెక్క వేసి చూస్తే ఆఫీసు మూసే వేళకి గంట ముందు చేరుతుంది. ఆ గంటే మాకున్న ఆసరా.

మల్లయ్య నెమ్మదిగా, "మేడమ్, సోమారం తూర్పుకు వారశూల, గా దిక్కు పోవద్దంటరు. పిల్లను ఎట్ల పంపుత?" అన్నాడు.

మంజుల ముఖం ఎర్రబడింది. "నాయినా, సీటు పోతదే! శూల చూస్కుంట కూసుంటవా?"

"నీకు తెల్వదు, ఊకో. మన ఇంట్ల మొదటిపాలి ఒకలు గింత దూరం పోతున్రు."

ఇద్దరి మధ్యా నేను అరను చూపించాను. ఆదివారం మధ్యాహ్నం దాకా ఆఫీసు తెరిచే ఉంటుంది, పంతులు గారు చెప్పిన ఘడియకి సంచి తెచ్చి పెట్టుకో, సోమవారం పొద్దున దారిలో తీసుకుపోండి అన్నాను. మల్లయ్య ముఖం విప్పారింది. మంజుల నా వైపు గుర్రుగా చూసింది. ఆదివారం మల్లయ్య ఒక గుడ్డ సంచి తెచ్చి, కళ్లకద్దుకుని అరలో పెట్టి వెళ్లాడు. నేను ఆ పిల్ల బోర్డింగ్ పాస్ తీసి ఫోన్‌కి పంపాను. గౌహతిలో మాకు తెలిసిన ఏజెంటుతో మాట్లాడి కారు చెప్పాను.

సోమవారం తెల్లారే షట్టరెత్తాను. బయట కుండపోతగా వాన. మల్లయ్య ఉస్మాన్‌గంజ్‌లో తడిసే సరుకు మీద పట్టా కప్పి, నేరుగా మా ఆఫీసుకే వచ్చాడు, సంచి చేతికిచ్చి కూతుర్ని ఇక్కడి నుంచే సాగనంపుదామని. మంజుల, లక్ష్మమ్మ కారులో రావాలి. వాళ్లు రాలేదు, ఫోన్ వచ్చింది.

"ఆంటీ, అబిడ్స్ దిక్కు నీళ్లు నిలిచినయట. చాంద్రాయణగుట్ట మీదికెళ్లి పోతె జల్దీ పోతమని డ్రైవర్ ఫోన్ల చూసి చెప్పిండు. మేం గట్లనే పోతున్నం. ఆ సంచి గాడనే ఉండనీయున్రి. నాయినకు జర మీరే చెప్పున్రి, నేను చెప్తె కోపం చేస్తడు."

తువ్వాలా కొబ్బరికాయే కదా అని నేనూ సరే పో బిడ్డా అన్నాను. ఫోన్ పెట్టి, నవ్వుతూనే మల్లయ్యకి చెప్పాను. మనిషి ఒక్క అంగలో అర దగ్గరికి పోయి సంచి పట్టుకున్నాడు.

"మేడమ్, దాంట్ల సర్టిఫికెట్లున్నయ్."

"పెట్టెలో కదా సర్దుకుంది పిల్ల?"

"సర్దుకున్నది. నిన్న పొద్దుగాల నేనే తీసి దీంట్ల పెట్టిన. పెట్టెల ఉండేటియి బట్టలే గద. పొయ్యేది సదువు. సదువునే మంచి ఘడియల ముందుగాల బయటికి పంపాలనుకున్న. పిల్లకు చెప్తె వద్దంటదని చెప్పలే."

సంచి విప్పి చూశాను. తువ్వాల మడతల మధ్య, బియ్యం మూట కింద ఫైలు భద్రంగా ఉంది.

ఒకరు నిలబడాలి

ఇలాంటప్పుడు ఎవరికైనా మొదట వచ్చే ఆలోచన, కారు వెనక్కి తిప్పమనడం. రెండో ఆలోచన, మీరిటు రండి, మేమటు వస్తాం, మధ్యలో కలుద్దాం అనడం. రెండూ పనికిరావు. వెనక్కి తిరిగితే విమానం పోతుంది. మధ్యలో కలుద్దామంటే వాళ్లొక దారిలో, మనమొక దారిలో వానలో ఒకరినొకరు వెతుక్కోవడంతోనే పొద్దుపోతుంది. కదులుతున్న ఇద్దరు కలవడం కష్టం, ఒకరు నిలబడితే రెండోవాళ్లు చేరొచ్చు. దీన్ని నాకెవరూ నేర్పలేదు, స్టేషన్లలో తప్పిపోయిన చుట్టాల్ని వెతికిన కస్టమర్లే నేర్పారు.

మల్లయ్యని టాక్సీ కోసం నాంపల్లి స్టేషన్ వైపు పరుగెత్తించి, నేను మంజులకి ఫోన్ చేశాను. సంగతి చెప్పగానే అటు నుంచి ఏడుపు.

"బండి తిప్పమంట ఆంటీ! డ్రైవర్, బండి తిప్పు!"

"తిప్పకు! చెప్పేది విను. సీదా ఎయిర్‌పోర్టుకే పో. లోపలికి పోకు. లోపలికి పోతే మళ్లీ బయటికి రానీయరు. మొదటి గేటు ముందర, బయట, మీ అమ్మ పక్కన నిలబడు. ఆడి నుంచి ఒక్క అడుగు కదలకు."

"మరి పెట్టె? దానికి కౌంటర్ బంద్ చేస్తరు గద."

ఆ పిల్ల అడిగింది సరైన ప్రశ్న. పెద్ద పెట్టె ఉంటే కౌంటర్ మూసేలోపే ఇవ్వాలి. చేతిసంచి ఒక్కటే ఉంటే, బోర్డింగ్ పాస్ ఫోన్‌లోనే ఉంది కాబట్టి ఇంకాస్త వ్యవధి దొరుకుతుంది.

"పెట్టె అమ్మకు ఇచ్చెయ్. నువ్వు ఒట్టి చేతులతో పో."

"బట్టలు లేకుండనా?"

"బట్టలు వెనక నుంచి వస్తయ్. సీటు రాదు."

టాక్సీలో మల్లయ్య సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నాడు. మెహిదీపట్నం దాటి పొడుగు వంతెన ఎక్కేదాకా బండి నడకే నడిచింది. నేను గడియారం చూడటం, మల్లయ్య నా ముఖం చూడటం.

"మంచే చేద్దామనుకున్న మేడమ్. గిట్లైతదనుకోలే" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"మల్లయ్యా, ఏడ్చేదుంటే వచ్చేటప్పుడు ఏడువు, ఇద్దరం కలిసి ఏడుద్దాం. ఇప్పుడు ఆ కొబ్బరికాయ తీసి బయట పెట్టు. దాన్ని లోపలికి తీస్కపోనియ్యరు, గాడ ఒక నిమిషం పోతది."

అతను కాయ తీసి నా చేతిలో పెట్టాడు. బియ్యం మూట తీయబోతుంటే, ఉండనీ అన్నాను. అంతసేపట్లో మొదటిసారి అతను కొద్దిగా నవ్వాడు.

మేం చేరేసరికి మంజుల చెప్పిన చోటే నిలబడి ఉంది. లక్ష్మమ్మ పెట్టె మీద చెయ్యి వేసి, అక్కడున్న వాళ్లందరికీ వినపడేలా దేవుళ్లని పిలుస్తోంది. మల్లయ్య తడిబట్టలతో పరుగెత్తి సంచి కూతురి చేతిలో పెట్టాడు.

"ఒక్క మాట చెప్తె అయిపోవు గదనే నాయినా!" అంది ఆ పిల్ల. తిడదామని మొదలుపెట్టింది, తండ్రి ముఖం చూసి ఆగిపోయింది. లక్ష్మమ్మ పెట్టె తెరిచి ఒక జత బట్టలు సంచిలో కుక్కింది. స్వెటర్ కూడా కుక్కబోతే పట్టలేదు. "ఉండనీ అమ్మా, టైమ్ లేదు" అని మంజుల సంచి భుజాన వేసుకుని లోపలికి పరుగెత్తింది. అద్దాల వెనక నుంచి చెయ్యి ఊపిందో లేదో కూడా మాకు కనపడలేదు. ఎక్కానని మెసేజ్ వచ్చేదాకా ముగ్గురం అక్కడే, వాన జల్లులో నిలబడ్డాం.

సాయంత్రం దాకా

లక్ష్మమ్మ ఇంటికి వెళ్లింది. మల్లయ్య వెళ్లనన్నాడు. పెట్టె పక్కన పెట్టుకుని మా ఆఫీసు బల్ల మీద కూర్చున్నాడు. కస్టమర్లు వస్తున్నారు, పోతున్నారు. కాసేపటికొకసారి, "ఇప్పుడు ఏడికి పోయి ఉంటది మేడమ్?" అని అడిగేవాడు. నేను గోడ మీది మ్యాపు చూపించేదాన్ని. ఒడిశా మీద ఉంది. ఇప్పుడు బెంగాల్.

"గోదారి దాటిందా! మనం ఇంక ఆరాంఘర్ దాటలే" అన్నాడు అంతకుముందు, టాక్సీలో వెనక్కి వస్తూ నేను గడియారం చూసి చెప్పినప్పుడు. కూతురు అంత వేగంగా పోతున్నందుకు అతనికి భయం, సంబరం రెండూ ఉన్నాయి.

దిగానని ఫోన్ వచ్చింది. కారు దొరికిందని వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. కొండల్లో వాన, సిగ్నల్ లేదు. విమానం పదిహేడు వందల కిలోమీటర్లు పోతున్నంతసేపు మల్లయ్య కుదురుగానే ఉన్నాడు. ఆ వంద కిలోమీటర్ల రోడ్డే అతన్ని నిలవనీయలేదు. వాకిట్లోకి పోయి వస్తాడు, మ్యాపు ముందు నిలబడతాడు, ఫోన్ తీసి జేబులో పెడతాడు. భోజనం తెప్పిస్తే ముట్టలేదు. నాకూ తినబుద్ధి కాలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఎన్నో వేలమందిని ఎక్కించాను. ఆ రోజు ఎదురుచూసినట్టు ఎవరి కోసమూ చూడలేదు. ఆ పిల్ల చేరాలి, అంతే. నా ఉద్యోగం ఎందుకు చేశానో ఆ సాయంత్రం ఎవరైనా అడిగి ఉంటే, ఇందుకే అని చెప్పేదాన్ని.

పిల్లలూ, మీ ఫోన్లో కనపడే గంటల్ని నమ్మండి, నేను వద్దనను. కానీ టికెట్ కొట్టి ఇచ్చాక ఆ మనిషిని మర్చిపోకండి. చేరారా అని ఒక ఫోన్ చెయ్యండి. ఆ ఒక్క పని ఫోన్ చెయ్యదు. మీ దగ్గరికి ఎవరొస్తారని అడిగారు కదా, అలా అడిగే మనిషి కోసమే వస్తారు. నేను రిటైరయ్యాక కూడా నా నంబరుకే ఫోన్ చేసి టికెట్లు అడుగుతున్నారు, మా ఆయన విసుక్కుంటున్నాడు.

ఆఫీసులు మూసే వేళ దగ్గరపడ్డాక మల్లయ్య ఫోన్ మోగింది. అతను ఫోన్ నా ముందుకి తోశాడు. నేనే నొక్కి స్పీకర్ పెట్టాను.

"నాయినా! తీస్కున్నరు! సీటు నాదే! నడుమ కొండ విరిగిపడి బండ్లు ఆగినయ్. ఉరుకుంట పోయి ఇచ్చిన. ఫైలుల నుంచి బియ్యం గింజలు బల్ల మీద పడ్డయ్. ఏందివి అని అడిగిండు ఆ సారు. మా నాయిన పెట్టిండు సార్ అని చెప్పిన."

నేను, కౌంటర్ దగ్గరున్న ఇద్దరు కస్టమర్లు, ఎందుకో ఏమిటో తెలియకపోయినా వాళ్లు కూడా, చప్పట్లు కొట్టాం. మల్లయ్య బయటికి పోయి ఆ కొబ్బరికాయ మా గడప మీదే కొట్టి, అందరికీ తలా ఒక ముక్క పెట్టాడు. తను తినలేదు. మళ్లీ ఫోన్ అందుకున్నాడు.

"బిడ్డా, గాడ చలి ఉన్నదా?"

"ఉన్నది నాయినా. వాన వడుతుంది. ఏంగాదు, హాస్టల్ల ఒకామె శాలువా ఇస్తన్నది."

ఫోన్ పెట్టేశాక అతను పెట్టె వైపు చూస్తూ నిలబడ్డాడు. పార్సిల్లో వేద్దాం, నాలుగైదు రోజుల్లో చేరుతుందిలే అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. చొక్కా జేబులోంచి ఆధార్ కార్డు తీసి కౌంటర్ మీద నా ముందు పెట్టాడు.

"నేనే తీస్కపోత మేడమ్. ఏ దినం, ఏ ఘడియ అని అడగకున్రి. ముందుగాల ఏ విమానం పోతె దానికే కొట్టున్రి. పిల్లకు చలి పెడ్తది."